ఒకటి లేని మిషను

జాహెదా చేతులు బంగారం, నోరు మాత్రం రెంటచింతల ఎండ అని మాచర్ల రోడ్డు మీది ఆ సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో అనుకునేవాళ్ళు. అననీ. నోరు లేకపోతే దినకూలీ టైపిస్టు అన్నేళ్ళు ఆ కుర్చీలో నిలవగలదా?

ఎనభై ఏడులో ఆఫీసుకి కంప్యూటరొచ్చింది. దానికో ఏసీ గది, గడప బయట చెప్పులు విప్పాలి, మర్యాదలు దర్గాకి చేసినట్టు. లారీల గేటు పాసులు అదే అచ్చేసేది. పాసు నమూనా మారితే ప్రోగ్రాం ముక్కల్ని వరసగా మళ్ళీ కలిపి కట్టాలి. ఆ కట్టే పద్ధతంతా ఓ ఇంజనీరు చేత్తో రాసిచ్చి హైదరాబాదు పోయాడు. దాన్ని పుస్తకంగా టైపు కొట్టే పని జాహెదాకీ, పక్క సీటు రామలక్ష్మికీ చెరిసగం పడింది. ప్రతి పేజీ అడుగునా కొట్టినవాళ్ళ పొడి అక్షరాలుంటాయి. పుస్తకం మీద తన పేరు పడటం జాహెదాకి అదే మొదలు. మురిసిపోయింది.

తంటా అక్కడే పుట్టింది. రామలక్ష్మిది కొత్త మిషను. జాహెదాది ముసలి మిషను, దాంట్లో ఒకటి అంకెకి మీటే లేదు. అప్పటి పాత మిషన్లు చానావాటికి ఉండేది కాదు. చిన్న ఎల్ కొట్టు, అదే ఒకటి అని ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టారు నేర్పాడు, వేళ్ళు అదే పట్టుకున్నాయి. చదివే మనిషైతే సర్దుకుపోతాడు. కంప్యూటరు సర్దుకుపోద్దా?

పాసు మారిన రోజు ఆపరేటరు చిన్నకోటయ్య పుస్తకం ముందు పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా కొట్టాడు. రామలక్ష్మి పేజీల్లో ఒకటి ఒకటిలాగే ఉంది, సాఫీగా పోయింది. జాహెదా పేజీల్లో ఫైలు పేర్ల చివర ఒకటి బదులు ఎల్ కనపడితే ఎల్లే కొట్టాడు పాపం. అట్టాంటి ఫైలే లేదు పొమ్మంది కంప్యూటరు. లారీలు రోడ్డెక్కి బారులు తీరాయి, డ్రైవర్లు గేటు దగ్గర బూతులు లంకించుకున్నారు.

సూపరింటెండెంటు పిచ్చియ్య పెన్నుతో దిద్దెయ్యమన్నాడు. కోటయ్య కనపడిన ఎల్‌నల్లా ఒకటి చేశాడు. లారీ అనే ఫైలు పేరులో నిజం ఎల్‌ని కూడా ఒకటి చేసి పారేశాడు. కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇంజనీరు ఫోన్లో ఒక్కో అక్షరం చెబుతుంటే పొద్దుగూకేసరికి పాసులు కదిలాయి.

పుస్తకం మొత్తం రామలక్ష్మికి ఇచ్చెయ్యమనీ, జాహెదా ఇంక దాన్ని ముట్టుకోవద్దనీ పిచ్చియ్య హుకుం జారీ చేశాడు. జాహెదా లేచి నిలబడింది.

“తప్పు నాది, ఒప్పుకుంటన్నా. దిద్దేది కూడా నేనే. పుస్తకం ఇయ్యను.”

దిద్దడమంటే పెన్ను గీతలు కాదంది. ఇద్దరిలో ఒకరు కంప్యూటర్లో కొట్టాల్సిన మాటని వాక్యం మధ్యలో ఇరికించారు, ఒకరు విడిగా రాశారు, చదివేవాడు ఏది నమ్మాలి? మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా ఆ మాట కొత్త లైన్లోనే, అంచు నుంచి కాస్త లోపలికి జరిపే ఉండాలి, ఎల్ ఎల్‌లా, ఒకటి ఒకటిలా కనపడాలి. రామలక్ష్మి తన పేజీలు కూడా తెచ్చి ఆమె బల్ల మీద పెట్టింది.

మిషను మార్చమంటే పిచ్చియ్య కుదరదన్నాడు, పోనీ బాగుచేయిస్తానన్నా ఒప్పుకోలేదు. కంపెనీ సొత్తు మీద బయటోడి చెయ్యి పడిందా, నీ పని ఆఖరని బెదిరించాడు. ఆయన అన్నం తింటుండగానే, ఆయన కళ్ళ ముందే, జాహెదా మాచర్ల నుంచి పిలిపించిన మన్సూర్ మామూ చేత మిషను విప్పించింది. కుట్టు మిషను నుంచి టైపు మిషను దాకా బాగుచేస్తాడాయన. ఎవరికీ అక్కరలేని, ఒకటి బై రెండు వేసే అర గుర్తు పీకి, తుక్కు మిషన్లో దొరికిన ఒకటిని దాని స్థానంలో అతికించాడు. అర పోయి ఒకటొచ్చిందని మామూ నవ్వితే జాహెదా కూడా నవ్వింది.

పుస్తకం మొత్తం మళ్ళీ కొట్టింది. కోటయ్య దాన్ని చూసి కొడితే కంప్యూటరు కిక్కురుమనలేదు. పిచ్చియ్య మాత్రం మాట తప్పే మనిషా? పంతం కొద్దీ మెమో రాసి, కొట్టమని జాహెదా చేతికే ఇచ్చాడు. కంపెనీ మిషనుని పాడుచేసి పనికిరాకుండా చేసినందుకు రేపటి నుంచి రానక్కరలేదని అందులో ఉంది.

ఆమె కాగితం మిషన్లోకి ఎక్కించింది. ఆ మిషను మీదే, ఒక్క తప్పు లేకుండా కొట్టింది. తేదీ నవంబరు పదకొండు. నెలా పదకొండే. నాలుగు ఒకట్లు కాగితం నెత్తిన నల్లగా నిటారుగా నిలబడ్డాయి. అడుగున తన పొడి అక్షరాలు కూడా వేసి తెచ్చి ముందు పెట్టింది.

“సంతకం పెట్టండి సార్. పాడైపోయిన మిషను ఎట్టా కొడతదో పైనోళ్ళు కూడా చూస్తారు.”

పిచ్చియ్య తేదీ వంక చూశాడు, పెన్ను మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. కాగితం మడిచి సొరుగులో వేసుకున్నాడు.

మర్నాడు జాహెదా టయానికే వచ్చి మిషను మీది గుడ్డ తీసింది. రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు.