ఆకు లేని బిళ్ళ

ఇరవై రెండేళ్లుగా ఆ ల్యాబులో గాజు ప్లేట్లలో బ్యాక్టీరియాను పెంచి పోషిస్తున్న ఆమెను అందరూ ప్లేట్లక్క అనేవారు. పేరు వెనుక డిగ్రీల తోక లేదు గానీ, ఆమె పట్టుకున్న తప్పులన్నీ అచ్చువేస్తే ల్యాబు పెద్దసారు వ్యాసాలకన్నా లావుపాటి పుస్తకమయ్యేది.

ఒక ఆకు రసం బ్యాక్టీరియాను చంపుతుందేమోనని అప్పుడు అక్కడ పరీక్షిస్తున్నారు. ఆకును స్పిరిట్‌లో నానబెట్టి, ఆ రసంలో కాగితపు బిళ్ళను ముంచి, ఆరబెట్టి, బ్యాక్టీరియా పరిచిన ప్లేటులో పెట్టాలి. బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం ఏర్పడితే అక్కడివి చచ్చినట్టు. పక్కనే ఆకు రసం లేని, ఒట్టి స్పిరిట్ బిళ్ళను కూడా పెట్టడం ఆమె నియమం.

ఆ వారం ప్లేటులోని బ్యాక్టీరియా ఎవరిదో కాదు. ఆసుపత్రిలో కాలి పుండుతో పడి ఉన్న సొంత తమ్ముడిదే. మూడు రకాల మందులను అది మంచినీళ్ళలా తాగేసింది. నాలుగో మందుకు రోజుకు మూడు సూదులు. ఆకు గెలవాలని ఆమెకూ గట్టిగానే ఉంది. అందుకే పెద్దసారు “ఆ ఉత్త బిళ్ళెందుకమ్మా, దండగ! సమావేశం దగ్గరపడింది, త్వరగా కానివ్వు” అనగానే, మొదటిసారి నియమం తప్పి, తడి ఆరని ఆకు బిళ్ళను ఒక్కదాన్నే పెట్టేసింది. మర్నాటికి బొటనవేలంత వలయం! సారు మొహం చేటంతయింది. ఆ మొహంతోనే వార్డుకెళ్ళి తమ్ముడికి శుభవార్త చెప్పేశారు.

సాయంత్రం ఆమె వెళ్ళేసరికి తమ్ముడు చెప్పులు వెతుక్కుంటున్నాడు.

“ఎక్కడికిరా?”

“ఇంటికి. ఆకు కట్టు కట్టుకుంటా. సూదులతో చెయ్యి జల్లెడైపోయిందక్కా.”

“పొద్దున దాకా ఆగు.”

“మీ సారే చెప్పాడుగా!”

“సారు చెప్పాడు. నేనింకా చెప్పలేదు. కూర్చో!”

ల్యాబుకు తిరిగొచ్చి, తడిగా ఉన్న ఒట్టి స్పిరిట్ బిళ్ళనూ, బాగా ఆరబెట్టిన ఆకు బిళ్ళనూ ఒకే ప్లేటులో పెట్టింది. తెల్లవారి చూస్తే, ఒట్టి బిళ్ళ చుట్టూ అదే బొటనవేలంత వలయం. ఆకు బిళ్ళ చుట్టూ గోరంచంత సన్నని గీత.

“సమావేశంలో ఏం చూపించను?” అని గొణిగారు పెద్దసారు.

“ఈ గీతే చూపించండి సార్. చిన్నదే గానీ, ఆకుదే.”

వార్డులో, అక్క ఫోనులో ఆ ప్లేటు ఫొటో చూసి తమ్ముడు నోరెళ్ళబెట్టాడు.

“అంటే చంపింది స్పిరిటా? అయితే ఓ సీసా తెప్పించు, రెండు పెగ్గులేస్తా.”

“నువ్వు పోతావు, బ్యాక్టీరియా ఉంటుంది. చెయ్యి చాపు.”

“ఆకు అసలు పనికిరాదా?”

“కొంచెం పనిచేస్తోంది. ఆ కొంచెం ఎంతో తేలడానికి ఏళ్ళు పడుతుంది. నీ కాలు అన్నాళ్ళు ఆగదురా.”

నర్సు సూదితో నిలబడి ఉంది. వాడు అక్కనూ, సారునూ, ఆకునూ, దాని వంశం మొత్తాన్నీ తిట్టుకుంటూ చెయ్యి చాపాడు.