గంపకు చెయ్యి

బందరులో అప్పుల గురించి సలహా చెప్పడం నా పని. చర్చి వెనక గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళకి రాబడి ఎంత, ఎవరికి ఎంత కట్టాలి అని ఒక్కొక్కటే అడుగుతాను. ఈ పనికి ఓర్పు కావాలంటారు. నాకది లేదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు అప్పు తీర్చే పద్ధతి చూస్తే ఒళ్ళు మండుతుంది. బతుకు నిలబెట్టేవాడికి ముందు కట్టరు. వీధిలో ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళకి కడతారు.

గిలకలదిండిలో చేపలమ్మే ఒకావిడ ఆ రోజు అదే చేయబోయింది. బోటు పనికి వెళ్ళే భర్త నడుం దెబ్బతిని మంచాన పడ్డాడు. ఇల్లంతా ఆమె గంప మీదే నడుస్తోంది. హార్బరులో వేలం దగ్గర వ్యాపారి చేపలు అప్పుగా ఇస్తాడు. అమ్మిన డబ్బు మర్నాడు పొద్దున్నే కట్టాలి, లేకపోతే ఆ రోజు చేపలుండవు. ఇంకోపక్క ఆడవాళ్ళంతా కలిసి తీసుకున్న గ్రూపు లోనుకి వారం వారం కిస్తీ. ఒకరు కట్టకపోతే మిగతా ఆడవాళ్ళు వేసుకోవాలి. అందుకని వాళ్ళంతా వచ్చి కట్టనివాళ్ళ గుమ్మంలో కూర్చుంటారు. డబ్బు చేతిలో పడేదాకా లేవరు.

ఆమె ఫోను చేస్తే నేను వెళ్ళేసరికి గుమ్మం నిండిపోయి ఉంది. లోను కంపెనీ తరఫున వసూలుకి వచ్చినాయన బండి దగ్గర నిలబడి విసుగ్గా చూస్తున్నాడు. ఆమె చేతిలో చేపలమ్మిన డబ్బు, వ్యాపారికి కట్టాల్సింది. ఆ చెయ్యి అప్పటికే గుమ్మం వైపు చాచి ఉంది.

"ఆగమ్మా, అది ఇచ్చేస్తే రేపు గంపలో ఏం వేసుకుంటావు?" అన్నాను.

కూర్చున్నవాళ్ళంతా నా మీద విరుచుకుపడ్డారు. గ్రూపు లీడరు పెద్దావిడ, తనూ చేపలమ్ముకునే మనిషే. ఆమె మాత్రం అరవలేదు.

"మీరు చెప్పేసి బందరు వెళ్ళిపోతారండీ. దీని కిస్తీ మేం మా పిల్లల తిండిలోంచి కట్టాలి."

అందులో అబద్ధం లేదు. సిగ్గేసింది, అయినా కోపం తగ్గలేదు. రేపు చేపలు లేకపోతే వచ్చే వారమూ మీరే వేసుకోవాలి, ఈ ఒక్కసారి సర్దితే బేరం ఆగదు, కొంచెం కొంచెంగా మీకు తిరిగిస్తుంది అని నచ్చజెప్పాను. నచ్చజెప్పడమేమిటి, పోట్లాడాను. ఇలా గుమ్మంలో జనాన్ని కూర్చోబెట్టి వసూలు చేయకూడదని ఆ బండాయనకీ గట్టిగానే చెప్పాను.

ఇంటావిడ నన్ను చూసింది, వాళ్ళని చూసింది. డబ్బు బొడ్లో దోపుకుంది. వాళ్ళు తలా కాస్త వేసి కిస్తీ కట్టేసి, ఒక్క మాట లేకుండా వెళ్ళిపోయారు. అరిచినప్పటికన్నా అప్పుడే నాకు భయమేసింది.

మర్నాడు తెల్లారుతూండగా హార్బరుకి వెళ్ళాను. ఆమె వ్యాపారికి డబ్బు కట్టింది, చేపలు తీసుకుంది, పైన ఐసు వేసింది. ఇక గంప ఎత్తుకోవడమే మిగిలింది. నిండు గంప ఎవరూ ఒక్కరే నెత్తికెత్తుకోలేరు. పక్కనున్న మనిషి చెయ్యి వేయాలి. అక్కడ అడగకుండానే వేస్తారు. ఆ రోజు ఎవరూ వేయలేదు. నిన్న గుమ్మంలో కూర్చున్నవాళ్ళే ఒకరికొకరు ఎత్తించుకుని, ఆమెను దాటుకుని ఆటోల వైపు వెళ్తున్నారు. ఐసు కరిగి ఆమె కాళ్ళ దగ్గర నీళ్ళు కారుతున్నాయి. చూడలేక, కొంగు దోపుకుని ముందుకెళ్ళాను.

"మీరొద్దండీ," అంది నెమ్మదిగా. "ఇవాళ మీరెత్తితే రేపెవరు ఎత్తుతారు?"

అక్కడే ఆగిపోయాను. నా మాట విని చేపలు దక్కించుకుని, మనుషుల్ని పోగొట్టుకుందేమో అనిపించింది.

చివరికి లీడరు వచ్చింది. తన గంప కింద పెట్టి, ఆమె ముఖం చూడకుండా అంచు కింద రెండు చేతులూ వేసింది.

"వచ్చే వారం ఇవ్వకపోతే గుమ్మంలో కాదు, నీ నట్టింట్లో కూర్చుంటా. ఊఁ, ఎత్తు."

గంప నెత్తి మీదకు చేరాక ఆమెకు ఏడుపొచ్చింది. రెండు చేతులూ గంప పట్టుకుని ఉన్నాయి, కళ్ళు తుడుచుకోలేకపోయింది. లీడరే తన కొంగుతో తుడిచి, ఆటో వెళ్ళిపోతుంది నడవమంది.