లచ్చిరాం నిర్వహించిన నీటి శాఖ

గూడూరు దగ్గర వాగు పక్కన శివప్రసాద్ సేటు కంకర, ఇసుక తవ్వించే గుంత ఒకటి ఉండేది. ఆ గుంతకు నీటి శాఖామాత్యులు లచ్చిరాం. ప్రమాణ స్వీకారం లేదు, కారు లేదు. ఒక మోటరు, అతుకుల పైపు, ముట్టుకుంటే జిల్లుమనే స్టార్టరు డబ్బా ఉండేవి. గుంత లోతు పోయేకొద్దీ అడుగున నీరు ఊరేది. దాన్ని తోడి, కొంత ఇసుక కడగడానికి ఇచ్చి, మిగిలింది వాగులోకి వదలడం అమాత్యుల వారి విధి. నీరు పోతేనే తవ్వే యంత్రం దిగుతుంది. యంత్రం దిగితేనే లారీ నిండుతుంది.

చిక్కల్లా గుంతకు కూతవేటు దూరంలో లచ్చిరాం తండా ఉండటం. తండాకు ఉన్నది ఒక్కటే మంచినీళ్ల బావి. బావికీ గుంతకూ ఊట ఒకటే. మోటరు నడిస్తే బొక్కెన అడుగుకు తగిలేది, మోటరు చెడిపోతే మునిగేది. చంటిపిల్లలకు సైతం అర్థమయ్యే భూగర్భశాస్త్రం ఇది.

అందువల్ల లచ్చిరాం భార్య జమ్లీకి బావి దగ్గర అందరికంటే చివరి వంతు. అంటే బురద వంతు.

"మీ ఆయన ఆడ తోడవట్టె, నువ్వు ఈడ తోడవడితివి," అనేది పక్కింటి తుల్సీబాయి. "ఒక్క ఇంటోళ్లు రెండు దిక్కుల తోడితె ఏం మిగుల్తదే?"

జమ్లీ ఆ బిందె తెచ్చి మొగుడి ముందు దించేది. "తాగు. నీ కష్టార్జితం."

"కొలువు ఇడిసిపెట్టి ఏం తినాల్నే?"

"ఇడిసిపెట్టమన్ననా? జర ఆపుమన్న. తీజ్ ముంగట్నే ఉన్నది. రుక్కి బుట్టకు గీ బురదనే పోస్తదా?"

రుక్కి వాళ్ల చిన్న కూతురు. తీజ్ పండుగకు తండాలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి నింపి గోధుమలు చల్లుతారు. రోజూ వరుసగా పాడుకుంటూ బావికి పోయి, చేదిన నీళ్లు మొలకలకు పోస్తారు. మొలక ఎంత బాగా లేస్తే ఇంటికి అంత మంచిదని నమ్మకం. లచ్చిరాం దీని మీద చాలా ఆలోచించాడు. ఆలోచించి, మోటరు వేయడానికి పోయాడు.

అది రెండువేల పదకొండు, తెలంగాణ ఉద్యమ కాలం. రోడ్ల మీద టెంట్లు, టెంట్ల కింద దీక్షలు. శివప్రసాద్ సేటు వర్తకుల తరఫున ఉద్యమ నాయకుడు. ఒకరోజు గుంత కూలీలందరినీ ట్రాక్టరెక్కించి టెంటుకు తరలించాడు. జనం కనబడాలి కదా. మెడలో కండువాతో మైకు అందుకున్నాడు.

"మన నీళ్లను మోటర్లు పెట్టి గుంజుకపోతున్నరు! మన ఊట మనది! మొగోళ్లయితె గా మోటర్లు బందు పెట్టుండ్రి!"

అందరికంటే గట్టిగా లచ్చిరాం చప్పట్లు కొట్టాడు. అతనికి ఒక అలవాటుంది: సేటు చెప్పిన పని ఆ పూటే చేసేయడం. ట్రాక్టరు దిగి నేరుగా గుంతకు పోయి, మోటరు ఆపి, ఫ్యూజులు పీకి మొలలో దోపుకున్నాడు. ఉద్యమంలో అంత క్రమశిక్షణ గల కార్యకర్త మరొకడు ఉండడు.

రాస్తారోకోలతో లారీలు నిలిచిపోయాయి. సేటుకు టెంటుతోనే సరిపోయింది. గుంత నిండుతూ వచ్చింది. దాంతోపాటు బావి కూడా.

"రాయే జమ్లీ, ముందుగాల నువ్వు ముంచుకో," అంది తుల్సీబాయి. రుక్కి బుట్టలో మొలక జానెడు లేచింది.

సేటు వచ్చేసరికి గుంతలో తవ్వే యంత్రం టాపు వరకు మునిగి ఉంది. ఆయన ముందు మెడలో కండువా తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాతే బూతులు ఎత్తుకున్నాడు. ఉద్యమమంటే అంత గౌరవం.

"మోటరెవడు ఆపుమన్నడ్రా?"

"మీరే అంటిరి గద సేటూ, బందు పెట్టుండ్రని."

"నేనన్నది ఆంధ్రోళ్ల మోటర్లనురా!"

"మా దిక్కు గుంజేది గిదొక్కటే గద సేటూ."

ఆ విధంగా మంత్రివర్గ పునర్వ్యవస్థీకరణ జరిగింది. ఫ్యూజులు తుల్సీబాయి మొగుడు రాజేందర్ చేతికి పోయాయి. లచ్చిరాం మిరప కూలికి గార్ల వైపు పోయాడు. బావి దగ్గర చివరి వంతు తుల్సీబాయిది అయింది. ఆమె పాత ఎత్తిపొడుపును జమ్లీ ఆమెకే తిరిగి అప్పజెప్పబోయి ఊరుకుంది. తిట్టడానికైనా గొంతు తడవాలి.

తర్వాత రాష్ట్రం వచ్చింది. సేటు మిఠాయిలు పంచాడు. ఆ ఏడాది తీజ్ నాటికి బావి పూర్తిగా ఎండిపోయింది; బొక్కెన తాడును ఎవరో మేకలకు కట్టుకున్నారు. దయగల సేటు తండాకు ట్యాంకరు పంపాడు. ట్యాంకరు మీద ఆయన నవ్వుముఖం, కింద "మన నీళ్లు మనకే". లోపల గుంత నీళ్లు, రాజేందర్ తోడి నింపినవి.

బావి చుట్టూ పాడాల్సిన పాట పిల్లలు ట్యాంకరు చుట్టూ తిరుగుతూ పాడారు. పాత అనుభవం కొద్దీ పైపు లచ్చిరాం పట్టుకున్నాడు.

"బాపూ, మల్ల బావికాడికి పోమా?" అంది రుక్కి.

"బుట్ట పట్టు బిడ్డా. పైపు బందు జేస్తరు."

ట్యాంకరు డ్రైవరు సెల్‌ఫోన్ ఎత్తాడు. "ఏయ్, అందరు సేటుకు జై అనుండ్రి! ఫోటో పంపమన్నడు."

జమ్లీ మొగుడి వైపు చూసింది. లచ్చిరాం గట్టిగా జై అన్నాడు. సేటు చెప్పిన పని ఆ పూటే చేసే అలవాటు ఇంకా పోలేదు. మోటరు జోలికి మాత్రం పోలేదు.