మా బావ కట్టిన పొయ్యి

గోపాలపట్నంలో మా అక్క ఇంటి మేడ మీద ఈ రోజు ఒక పొయ్యికి ప్రారంభోత్సవం జరిగింది. కట్టింది మా బావ. పాడైపోయిన వాషింగ్ మెషిన్ డ్రమ్ము, కాళ్లకి పాత మంచం గొట్టాలు, మెరవాలని పైనుంచి కిందిదాకా వెండిరంగు పెయింటు. "ఫర్నేసు కాడ పన్జేసినోణ్ణి, మంట గురించి నాకు సెప్పకు" అని వారం రోజులుగా ఒకటే గొప్పలు.

కొబ్బరికాయ కొట్టాడు, కట్టెలు అంటించాడు, పాలగిన్నె పెట్టాడు. పాలకంటే ముందు పెయింటు పొంగింది. చూడ్డానికి పిలిచిన ఇరుగుపొరుగు ఆ నల్లటి పొగకి దగ్గుకుంటూ దిగిపోయారు. బావ మాత్రం గిన్నె పట్టుకుని కిందికెళ్లి, కాసేపటికి పొంగిన పాలతో పైకొచ్చి, వీడియో తియ్యమని ఫోను నా చేతిలో పెట్టాడు.

"గ్యాసు మీద పొంగించీసి తెచ్చినావేటి బావా?"

"తెత్తే ఏటైపోద్ది? ఈడియోలో గ్యాసు కనిపిత్తాదేటి?"

అంతలో మా అక్క వంకాయతో మేడెక్కింది. పచ్చడికి కాల్చుకోవాలట.

"తమ్ముడూ, నా కుంపటి సూసినావేటి? పొద్దున్నించి అవుపడ్నేదు."

పొయ్యిలోకి తొంగి చూశాను. కట్టెల కింద వరసగా బిగించిన ఇనుప చువ్వలు ఆ కుంపటివే. నిన్నటిదాకా దాని మీద వంట అయ్యేది.

బావ వీడియో అప్పుడే పెట్టేశాడు, 'పనికిరాని సామాన్లతో పొయ్యి' అని. మీ దాకా వస్తే లైకు కొట్టండి, మీ ఇష్టం. కింద కామెంట్లలో మాత్రం ఒక్క మాట అడగండి, మా అక్క ఆ వంకాయ ఎక్కడ కాల్చుకోవాలని.