చంద్రవ్వ ఆపిన బండి

మిల్లు మేనేజర్ మధుకర్ ఎదురుపడితే చంద్రవ్వ పక్కకు తిరిగి ఉమ్మేది. ఊళ్లో అందరికీ అది తెలుసు. మధుకర్‌కూ తెలుసు. అందుకే ఆమె కనబడితే స్కూటరు వేగం పెంచేవాడు.

ఒకప్పుడు ఆమె కూడా ఆ మిల్లు మనిషే. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ దెబ్బతిన్నాక ఆ చుట్టుపక్కల చెరుకు తోటలు వరిమళ్లయ్యాయి. వడ్లు పెరిగేసరికి మిల్లులు లేచాయి. చంద్రవ్వ ఇంటికి కూతవేటు దూరంలో ఉప్పుడు బియ్యం మిల్లు కట్టినప్పుడు ఊరంతా సంబరపడింది. చంద్రవ్వ పదకొండేళ్లు ఆ మిల్లు కళ్లంలో వడ్లు ఆరబోసింది. ఆమె మొగుడు లింబయ్య బాయిలర్ దగ్గర ఊక ఎత్తిపోసేవాడు. ఊక కాలితే బూడిద గొట్టంలోంచి లేచి ఊరి మీద పడేది. అన్నం గిన్నె మీద మూత తీస్తే పడేది. ఆరేసిన చీర మీద పడేది. బావిలో నీళ్ల మీద నల్లటి పొరలా తేలేది. "మన పొట్ట కూడ గదే నింపుతున్నది గదా" అని లింబయ్య నవ్వేసేవాడు.

తర్వాత అతనికి దగ్గు పట్టుకుంది. నిజామాబాద్ డాక్టరు ఎక్స్‌రే బల్బుకు ఎదురుగా పెట్టి చూసి, ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని చెప్పాడు. గంప లేపలేని మనిషిని మిల్లు మరునాడే పనిలోంచి తీసేసింది. ఆ ఏడాదే చంద్రవ్వ ఎడమ కంట్లో బూడిద నలుసు పడింది. నలిపింది. పసరు పోసుకుంది. పుండై, తెల్లటి పొర కమ్మి, ఆ కన్ను పోయింది.

అప్పటినుంచి ఆమె ఎవరితోనూ మెత్తగా మాట్లాడలేదు. సర్పంచును నడిబజారులో నిలదీసింది. మిల్లు ఇచ్చిన మైకు సెట్టుతో భజన చేస్తున్నారని గుడి దగ్గరికి పోవడం మానేసింది. సొంత చెల్లెలు పెంటవ్వ ఇంకా మిల్లులో కూలికి పోతోందని ఆమె ఇంట్లో నీళ్లు కూడా ముట్టలేదు.

నిజామాబాద్ కలెక్టరాఫీసులో సోమవారం పూట అర్జీలు తీసుకుంటారని తెలిసి, బూడిద సంగతి రాయించుకుని మూడు సార్లు పోయింది. మూడో అర్జీకి తనిఖీ వచ్చింది.

కాలుష్య శాఖ నుంచి వచ్చిన అధికారి జ్యోతిరాణి. ముప్పై దాటని మనిషి. ఆమె కారు దిగేసరికి మిల్లు నిశ్శబ్దంగా ఉంది. గొట్టంలో పొగ లేదు. కళ్లం కడిగి ఉంది. బూడిద బయటికి పోకుండా పట్టే యంత్రానికి కొత్త రంగు వేసి ఉంది. మధుకర్ చేతులు కట్టుకుని, "మరమ్మతు మేడం, రెండు రోజుల నుంచి బందే ఉన్నది" అన్నాడు. నిన్న సాయంత్రం దాకా అది పొగ కక్కిన సంగతి అక్కడ నిలబడ్డ కూలీలందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. పెంటవ్వ తల వంచుకుని చీపురు పట్టుకుని నిలబడింది.

డ్రైవరు చాయ్ తాగడానికి పోయాడు. కారుకు తాళంచెవి అలాగే వేలాడుతోంది. చంద్రవ్వ తలుపు తీసి దాన్ని లాగి రొంటిన దోపుకుంది.

జ్యోతిరాణి బయటికి వచ్చి సంగతి తెలిసి మండిపడింది. "ఏంటిది? సర్కారు బండి తాళం తీస్తావా? పోలీసులను పిలవాలా?"

"పిలువు. వాళ్లొచ్చేదాంక నువ్వుంటవు గదా. నాక్కావల్సింది గదే."

"మిల్లు నడవట్లేదు కదమ్మా. నేనేం రాయాలి?"

"నువ్వస్తవని వీళ్లకు ముందే ఎర్కైంది. నీ బండి ఊరి బయటి మోరీ దాటంగనే బాయిలర్ అంటువెడ్తరు. మేడం, నేను పదకొండేండ్లు గీన్నే పని జేసిన. తొట్లల్ల నిన్న వడ్లు నానవెట్టిండ్రు. యాళ్లకు ఆవిరి వట్టకుంటే పులిసిపోతయి. మాపటి దాంక ఆగలేరు. నా మాట అబద్ధమైతే నన్ను జైల్ల ఏయించు."

మధుకర్ ముఖం మాడింది. "దానికి పిచ్చి మేడం. కన్ను పోయినకాన్నుంచి గిట్లనే."

"కన్ను ఎట్ల పోయిందో గూడ చెప్పు!" అని చంద్రవ్వ అతని మీదికి పోయింది. ఇద్దరు కూలీలు అడ్డం పడ్డారు.

జ్యోతిరాణి నేరుగా తొట్ల దగ్గరికి పోయి మూత ఎత్తించింది. నిండా నానిన వడ్లు. రెండు రోజులుగా బందు ఉన్న మిల్లులో నిన్న నానబెట్టిన వడ్లు! ఆమె వెనక్కి వచ్చి చంద్రవ్వ ఇంటి అరుగు మీద కూర్చుంది. బోధన్‌లో భోజనం ఏర్పాటు చేశామని మధుకర్ వచ్చి పిలిస్తే, "నాకు ఆకలి లేదు" అంది. లోపల లింబయ్య దగ్గుతున్నాడు. ఆ దగ్గు వింటూ ఆమె అక్కడే కూర్చుంది.

మూడు దాటేసరికి గాలిలో పులిసిన వాసన వచ్చింది. మధుకర్ ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. అవతల ఓనరు అరుస్తున్న అరుపులు అరుగు దాకా వినబడ్డాయి. నాలుగు కాకముందే బాయిలర్ అంటుకుంది. గొట్టంలోంచి పొగ నల్లగా లేచి ఇళ్ల మీదికి వంగింది. జ్యోతిరాణి ఒళ్లో ఉన్న కాగితాల మీద బూడిద రాలింది. ఆమె ఫోటోలు తీసింది, రాసుకుంది, చెయ్యి చాపింది. చంద్రవ్వ తాళంచెవి ఇచ్చేసింది.

జ్యోతిరాణి రాసిన రిపోర్టుతో మిల్లు ఇరవై ఆరు రోజులు మూతపడింది. ఆ ఇరవై ఆరు రోజులూ ఊరు చంద్రవ్వను తిట్టింది. పెంటవ్వ అక్క గుమ్మంలో నిలబడి దుమ్మెత్తి పోసింది. "నీ పగకు మా పొయ్యి ఆర్పితివి గదనే అక్కా! నీ మొగనికి రోగమొస్తే మేమందరం ఉపాసముండాల్నా?"

"నీ రొమ్ముల గూడ గా బూడిదే ఉన్నది. నా లెక్క కన్ను పోయినంక రా, అప్పుడు మాట్లాడుదాం" అంది చంద్రవ్వ. తలుపు వేసేసింది.

బూడిద పట్టే కొత్త యంత్రం పెట్టాక మిల్లు మళ్లీ తెరిచారు. బూడిద తగ్గింది. పూర్తిగా పోలేదు. తగ్గిన సంగతి ఊళ్లో అందరికీ కనబడింది కానీ, ఎవరూ ఆమెతో ఆ మాట అనలేదు.

వానాకాలం పోతుండగా లింబయ్య చనిపోయాడు. మధుకర్ బంతిపూల దండ పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. శవం పక్కన కూర్చున్న చంద్రవ్వ లేచింది. "గడప తొక్కినవంటే కాళ్లు ఇరగ్గొడ్త. వాపస్ పో" అంది. దండతోనే వెనక్కి పోయాడు.

కాసేపటికి పెంటవ్వ వచ్చింది. అక్కతో మాట్లాడలేదు. బిందె తీసుకుని బోరింగు దగ్గరికి పోయి, స్నానానికి నీళ్లు తెచ్చి పెట్టి, మూలకు కూర్చుంది. చంద్రవ్వ ఆమెను పొమ్మనలేదు. రమ్మనీ అనలేదు.