పొగమంచులో ఒక పేరు

బురుల్చాను అత్తింటికి సాగనంపుతూ వాళ్ళమ్మ చెవిలో చెప్పింది: మామగారికి వీపు చూపించకు, ఆయన ముందు గొంతెత్తకు, ఆయన పేరు నోట రానివ్వకు. మొదటిది ఎప్పుడో తప్పింది. ఒకే గుడారంలో బతుకుతూ ఎంతకని వీపు దాచుకుంటుంది ఎవరైనా? తక్కినవి మాత్రం ఆమె తల నెరిసేదాకా తప్పలేదు.

మామగారి పేరు తాష్తన్. వాళ్ళ భాషలో 'తాష్' అంటే రాయి కాబట్టి బురుల్చా రాయిని రాయి అనదు, 'గట్టిది' అంటుంది. గుర్రాలతో కొండమీది సరస్సుకు జనాన్ని తీసుకెళ్ళే మెలిస్‌కి ఇదొక వినోదం. కరాకోల్ పట్నం నుంచి ఎవరిని తెచ్చినా గుడారం ముందు ఆపి మొదలుపెడతాడు.

"వదినా, పైన దారెలా ఉందో నువ్వే చెప్పు. వీళ్ళ భాషలో నేను చెప్తాలే."

"వాగు దాటాక చూసుకుని నడవమను. పైనుంచి గట్టివి దొర్లుతున్నాయి."

"గట్టివంటే? ఎండిపోయిన రొట్టెలా?"

"నీ బుర్రలాంటివి."

మెలిస్ పగలబడి నవ్వుతాడు. అర్థంకాకపోయినా వచ్చినవాళ్ళూ నవ్వుతారు. గిన్నెడు పులిసిన గుర్రప్పాలు తాగి, ముఖాలు చిట్లించి, మూటలు భుజానికెత్తుకుని పైకి పోతారు. వాళ్ళు మలుపు తిరిగేదాకా మాటలు వినిపిస్తాయి. ఆ తర్వాత వాగు చప్పుడొక్కటే.

ఒకప్పుడు ఆ మిట్ట మీద వేసవిలో ఏడెనిమిది గుడారాలుండేవి. మిగతావాళ్ళు ఒక్కొక్కరే కింద బండ్లు వచ్చే మేతభూములకి దిగిపోయారు. బురుల్చా భర్త నుర్‌గాజి జబ్బుచేసి పోయాడు. కూతుర్ని నారిన్‌లో ఇచ్చారు, ఏడాదికోసారి వస్తే వచ్చినట్టు. ఇక మిగిలింది మామా కోడలూ, గుర్రాలూ. ఆమె సగం నింపిన టీ గిన్నెను రెండు చేతులతో అందించి ముఖం పక్కకు తిప్పుకుంటుంది. ఆయన తాగి గిన్నె మీద అరచెయ్యి పెడితే చాలని అర్థం. రోజంతటికీ వాళ్ళ మధ్య నడిచే సంభాషణ అదే. ఆయన ఆమెను 'కోడలా' అంటాడు, ఆమె ఆయన్ని 'ఆతా' అంటుంది. ఆ కొండల్లో గడ్డం నెరిసిన ప్రతి మగవాడూ అందరికీ ఆతానే.

తాష్తన్‌ను పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కడుండేవాడు, ఈడువాడు ఉసోన్. వయసులో ఉండగా ఇద్దరూ కలిసి గాడిదల మీద సామాన్లు వేసుకుని కొండలెక్కేవాళ్ళని సరస్సు దాకా నడిపించినవాళ్ళు. ఉసోన్ ఏటా ఒకసారి పట్నం నుంచి గుర్రమెక్కి వచ్చి, వాగు అవతల నుంచే కేకలు మొదలుపెట్టేవాడు.

"ఒరేయ్ తాష్తన్! ఇంకా చావలేదట్రా?"

"నిన్ను పూడ్చకుండా ఎట్లా పోతాన్రా!"

లోపల బురుల్చా తలగుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది, నవ్వాపుకోవడానికి.

ఈ వేసవి ఉసోన్ రాలేదు. ఒక ఉదయం మెలిస్ వచ్చాడు, వెంట ఎవరూ లేరు. బురుల్చాను చూసి వదినా అని పలకరించలేదు. గుర్రాన్ని కట్టేసి ముసలాయన పక్కన కూర్చుని టీ తాగాడు. గడ్డి ఎలా ఉందని అడిగాడు, గుర్రాలు ఎలా ఉన్నాయని అడిగాడు. చివరికి, "ఎంత ఎత్తున ఎగిరిన డేగైనా ఒకనాడు వాలక తప్పదు గదా ఆతా," అన్నాడు.

తాష్తన్ గిన్నె కింద పెట్టాడు. "ఎవరు?"

"ఉసోన్ ఆతా. మట్టి చెయ్యడం కూడా అయిపోయింది. మీకు కబురు చెప్పడానికి ఆలస్యమైంది."

ముసలాయన రెండు అరచేతులూ ముఖం మీంచి గడ్డం దాకా దించుకున్నాడు. "మంచిది," అన్నాడు.

మెలిస్ దిగిపోయాడు. బురుల్చా పాలు పితకడానికి పోయి తిరిగొచ్చేసరికి గుడారంలో ఎవరూ లేరు. చేతికర్ర లేదు. దళసరి ఉన్నికోటు మాత్రం కొయ్యకే వేలాడుతోంది. గుర్రాల దగ్గరికి పోయుంటాడనుకుంది. పొద్దు నడినెత్తి దాటింది, వాలింది. అప్పుడు పైనుంచి ఇద్దరు దిగారు, ఎక్కడో దూరదేశం జంట. ఆ అమ్మాయి గబగబా ఏదో చెప్పింది. చెప్పి, గడ్డం ఉన్నట్టు చేత్తో గాలిలో దువ్వింది, పైకి చూపించింది, నేల మీద చతికిలబడి చూపించింది. తర్వాత తన భుజాలు తనే పట్టుకుని గజగజ వణికింది. ఆమె వెనక, కొండ మీద నుంచి పొగమంచు గొర్రెల మందలా దిగుతోంది.

బురుల్చా ఉన్నికోటు చంకన పెట్టుకుని బయల్దేరింది.

ఎక్కడెక్కడి జనమో చూసిపోయే ఆ సరస్సు దగ్గరికి ఆమె వెళ్ళి ఎన్నేళ్ళయిందో. పాలు ఎవరు పితుకుతారు మరి? దేవదారు చెట్లు ఆగిపోయాయి, గడ్డీ ఆగిపోయింది. హిమానీనదం పూర్వమెప్పుడో తోసుకొచ్చి వదిలేసిన గుట్ట మొదలైంది. ఒక అడుగు ఎక్కితే అర అడుగు కిందికి జారుతోంది. గుట్ట నెత్తికి చేరేసరికి పొగమంచు ఆమెను మింగేసింది. ముందు సరస్సు ఉందని తెలుస్తోంది, కనిపించదు. అలలు ఒడ్డును నాకుతున్న చప్పుడు, ఎక్కడో మంచుపెళ్ళ విరిగిన చప్పుడు. చలి ఎముకలకంటుతోంది. ఇలాంటి చోట కోటు లేని ముసలాయన చీకటి పడ్డాక బతకడు. వెతుకుదామంటే తన కాళ్ళే తనకి కనపడవు, జారితే నీళ్ళల్లోకే.

"ఆతా!" అని పిలిచింది.

ఏళ్ళ తరబడి అణచిపెట్టిన గొంతు, పిలిస్తే పిల్లికూనలా వచ్చింది. మళ్ళీ పిలిచింది. ఈసారి కొండ 'ఆతా' అని తిప్పి పంపింది. పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయింది. జవాబు లేదు. చుట్టూ తెలుపు బూడిదరంగుకు తిరుగుతోంది. బురుల్చా అక్కడే కూలబడింది. అమ్మ బతికుంటే చెవులు మూసుకునేది. నుర్‌గాజి ఆత్మ ఈ గాలిలో ఎక్కడైనా ఉంటే సిగ్గుతో తలదించుకుంటుంది. దించుకోనీ.

"తాష్తన్..."

తన నోటినుంచి వచ్చిన మాట తనదైనట్టు లేదు. లేచి నిలబడి, గుండెనిండా గాలి పీల్చి అరిచింది.

"తాష్తన్!"

"ఓయ్!"

పాతికేళ్ళ గొల్లవాడు మంద మధ్యనుంచి పలికినట్టు పలికాడు. ఎంతో దూరం లేదు. రాళ్ళు కదిలాయి, చేతికర్ర టకటకలాడింది. మంచులోంచి మొదట టోపీ, తర్వాత గడ్డం వచ్చాయి.

"ఎవరది?"

"నేనే ఆతా. కోడల్ని." తల వంచేసింది.

"నువ్వా పిలిచింది?"

ఆమె కోటు ఆయన భుజాల మీద కప్పింది. "ముందు ఆతా అనే పిలిచాను. వినపళ్ళేదా?"

"వినపడింది." కోటు దగ్గరికి లాక్కున్నాడు. "పలకబుద్ధి కాలేదు. ఆతా అని దారిన పోయేవాడూ పిలుస్తాడు. పలికినా ఒకటే, పలక్కపోయినా ఒకటే అనిపించింది."

"మరి..."

"ఆ పిలుపు వినగానే కాళ్ళు వాటంతటవే లేచినయ్. నన్నేం చెయ్యమంటావ్?" ఫిర్యాదు చేస్తున్నట్టు అన్నాడు. "ఉసోన్ గాడే అనుకున్నా. గొంతు ఆడగొంతని కూడా తట్టలేదు."

పెద్దవాళ్ళకి ముందు కోడలు నడవకూడదు. ఆ మంచులో ఎవరో ఒకరు ముందు నడవాలి, ఆయన కళ్ళు ఆనవు. బురుల్చా ముందు దిగింది.

"నా వెనకే రండి."

"నువ్వు కనపడితే గదా. పిలుస్తుండు, చప్పుణ్ణిబట్టి వస్తా."

"ఆతా..."

"అది కాదు."

ఆమె పిలిచింది. 'ఓయ్' అన్నాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ పిలిచింది. మొదట్లో ఒక్కో పిలుపూ నాలుక మీద నిప్పుకణికలా ఉంది. గుట్ట సగం దిగేసరికి ఆ పేరు నోటికి అలవాటైపోయింది. ఒకచోట ఊపిరాడక మెల్లగా అంటే, "అంత నీరసంగానా? అట్లా పిలిస్తే గుర్రమైనా తలతిప్పదు," అని వెనకనుంచి కసిరాడు. బురుల్చాకి నవ్వొచ్చింది. ముందున్నది తను, ముఖం ఎవరికీ కనపడదు. కొంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వుకుంది. గట్టిగా, ఉసోన్‌లా సాగదీసి పిలిచింది. ఆయనా అంతే గట్టిగా పలికాడు.

దేవదారు చెట్ల దగ్గర మంచు కత్తితో కోసినట్టు తెగిపోయింది. కింద గుడారం, కట్టేసిన గుర్రప్పిల్లలు, వాగు స్పష్టంగా కనిపించాయి. పిలవడానికి తెరిచిన నోరు బురుల్చా మూసుకుంది.

వెనకనుంచి తాష్తన్ వచ్చి నిలబడ్డాడు. "ఇక్కణ్ణించి కనపడుతోంది," అన్నాడు.

"కనపడుతోంది ఆతా."

ఆయన వెంటనే కదల్లేదు. కర్రతో నేలను రెండుసార్లు పొడిచాడు. ఆమె దారికి పక్కగా తప్పుకుంది. అప్పుడు ఆయన ముందుకు నడిచాడు, ఆమె తగినంత ఎడంగా, అడుగు చప్పుడు కాకుండా వెనక నడిచింది.

వాగు దగ్గర ఆయన ఒకసారి ఆగాడు. వెనక్కి తిరగలేదు, పిలుపు కోసం చెవి ఒగ్గినట్టు తల కొంచెం పక్కకి వంచాడంతే. బురుల్చా కూడా ఆగిపోయి నీళ్ళవైపు చూస్తూ నిలబడింది. కాసేపటికి ముసలాయన కర్ర ఊతంగా వాగు దాటి, గుడారంవైపు నడిచాడు.