ఓడిన రోజు నీళ్ళ వంతు

మధ్యాహ్నం నుంచి మా వీధిలో డప్పులు ఆగడం లేదు. దేశమంతటి ఫలితాలు తేలిపోయాయి, నేను ఓటేసినవాళ్ళు ఓడిపోయారు, టీవీ కట్టేసి, పట్టపగలే తలుపుకు గడియ పెట్టుకుని ముందుగదిలో కూర్చున్నాను. ఓడిపోవడం నాకు కొత్త కాదు, మా ఇంట్లో అది వంశపారంపర్యంగా వస్తున్నదే. కానీ నిజామాబాద్ సర్కారు దవాఖానలో నర్సుగా పనిచేసి, ఎందరి ఆఖరి ఊపిరో చూసినదాన్ని, ఇవాళ వీధిలో టపాకాయ పేలితే ఉలిక్కిపడుతున్నాను.

ఈసారి ఎన్నికల్లో రోడ్ల గురించి, కరెంటు గురించి మాట్లాడింది తక్కువ, ఎవరు మనవాళ్ళు ఎవరు కాదు అన్న మాటే ఎక్కువ. మా వీధిలో ఆదివారం పొద్దున బైబిలు పట్టుకుని చర్చికి బయల్దేరేది నేనొక్కదాన్నే. గెలిచినవాళ్ళ జెండా కట్టుకున్న పక్కింటి చెల్లె పోలింగుకు ముందు గోడ దగ్గర నిలబడి, ఈసారి ఓటు మనకే కదా అక్కా అని అడిగింది. నా నోరు ఊరుకోదు కదా, కాదని ముఖాన్నే చెప్పేశాను. అప్పట్నుంచి గోడ మీదుగా కూర గిన్నె రాలేదు, నేనూ పలకరించలేదు. ఇరవై ఏళ్ళ స్నేహం మాది, వాళ్ళత్త మంచాన పడ్డప్పుడు సూదిమందు వేసింది నేనే. అది కాస్తా ఇవాళ్టితో తెగిపోతుందేమోనన్నదే నా గుబులు, ఢిల్లీలో ఎవరు కూర్చుంటారన్నది ఆ తర్వాత సంగతి.

ఇలా బిక్కుబిక్కుమంటూ కూర్చోవడం చిన్నప్పుడు ఒకసారి చూశాను. బోధన్ పక్కన పల్లె మాది, నిజాంసాగర్ కాలువ కింద చారెడు చెరుకు ఉండేది. ఆ ప్రాంతంలో పెరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, గానుగాడే రోజుల్లో గాలి ఇటు మళ్ళిందంటే చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన ఊరంతా కమ్మేది, చుట్టాలు ముక్కు మూసుకునేవారు, మాకేమో అది లేకపోతే అన్నం సయించేది కాదు. బాపు, అంటే మా నాన్న, పేదవాడే గాని పట్టుదల మనిషి, ఆ ఏడు పార్లమెంటు ఎన్నికల్లో ఒక పార్టీ తరఫున పోలింగు బూతులో ఏజెంటుగా కూర్చున్నాడు. ఎదురు పార్టీకి ఊళ్ళో పెద్దదిక్కు కాలువకు ఎగువన తోటలున్న రైతు, వరస కాకపోయినా మేము పెద్దబాపు అనేవాళ్ళం. మా పొలాలకు కాలువ నీళ్ళు వదిలే తూము ఆయన పొలం గట్టునే ఉండేది, ఆయన మాట కాదని అక్కడ ఎవరూ పార ముట్టేవారు కాదు.

రేడియోలో బాపు పార్టీ ఓడిపోయిందని చెప్పిన మర్నాడే మా నీళ్ళ వంతు. ఎండలు ముదిరి ఉన్నాయి, కొట్టిన చెరుకు మోళ్ళ నుంచి అప్పుడప్పుడే పిలకలు లేస్తున్నాయి, ఆ వంతు తప్పితే తోట మాడిపోతుంది, తోట మాడితే ఏడాది తిండి లేదు. మా అమ్మను అవ్వ అనేవాళ్ళం, ఆమె తెల్లారకముందే మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన మొదలుపెట్టింది. బాపు పార తీయడం, మళ్ళీ గోడకు ఆనించడం, బయటికి చూడడం, ఎంతసేపటికీ గడప దాటడు. చివరికి అవ్వే ప్రార్థన ఆపి, ఇంట్లో కూసుంటే నీళ్ళు ఇంట్లకొస్తయా అని కసిరింది. సద్ది గిన్నె పట్టుకుని నేనూ వెనకే నడిచాను.

తూము దగ్గర పెద్దబాపు, ఆయన మనుషులు, అందరి బట్టల మీదా ముందురోజు గులాల్. మమ్మల్ని చూసి మాటలు ఆపేశారు. బాపు దూరంగానే నిలబడిపోయాడు. పెద్దబాపు బీడీ పారేసి, విసుక్కుంటున్నట్టే పిలిచాడు.

"గక్కడ నిలవడ్డవేంది తమ్మీ? ఓటు డబ్బల వడ్డది, అయిపోయింది. ఇయ్యాల నీళ్ళు నీయి. రా, పార వట్టు."

బాపు వెళ్ళాడు. తలవంచుకునే వెళ్ళాడు, కానీ వెళ్ళాడు. ఇద్దరూ కలిసి తూముకు అడ్డం వేసిన మట్టి లాగేశారు. ఆ తర్వాత కూడా వాళ్ళిద్దరూ ఒకే పార్టీకి ఓటేసింది లేదు, ఎన్నికలొస్తే చెరో జెండా పట్టుకుని తిరిగేవారు.

ఇదంతా తలుచుకుంటూ ఉండగా ఇందాక ఊరేగింపు మా గుమ్మం ముందుకు వచ్చింది. కిటికీ పరదా కూడా మూసేశాను. కాసేపటికి ఎవరో తలుపు తట్టారు. పక్కింటి చెల్లె గొంతు.

"అక్కా, నేనే. డప్పుల సప్పుడుకు ఒక్కదానివే బుగులువడ్తవని వచ్చిన. ఉన్నవా?"

లేచి తలుపు దాకా వెళ్ళాను. గడియ మీద చెయ్యి వేశాను. ఆమె వెనక ఎవరున్నారో, ఏమంటారో, ఏం మాట్లాడాలో అనుకుంటూ గడియ తీయలేదు. రెండోసారి కూడా పిలిచింది. ఆ తర్వాత చెప్పుల చప్పుడు వాళ్ళింటి వైపు వెళ్ళిపోయింది.

కాలం మారింది, మనుషులు మారిపోయారు అని మన ఈడువాళ్ళం కలిస్తే చెప్పుకుంటాం, నేనూ ఇన్నాళ్ళూ అదే పాట పాడాను. పిలిచేవాళ్ళు ఇంకా ఉన్నారు. పలికే ధైర్యం నాకే లేకుండా పోయింది.